కొల్లేటి యాత్రకు ముందు

కొల్లేటి సరస్సును చూడవలెనను కోరిక భాషాపరిశోధకునకు రెండు కారణములచే కలుగును. మొదటిది ప్రకృతిశోభ. కృష్ణా గోదావరుల డెల్టాల నడిమి పల్లమున బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలైన ఏరులు తెచ్చిన నీరు నిలిచి ఏర్పడిన మంచినీటి సరస్సు ఇది. చలికాలమున కైకలూరు చెంత ఆటపాకలో గూడబాతులు గూళ్లు కట్టి పిల్లలను సాకుచుండును. రెండవది గాథ. పేరంటాల కనుమ కథ విన్నవాడు ఆ నీటిని కేవలము నీరుగా చూచి మరలి రాలేడు. అయితే యాత్రకు పూనుకొనువాడు బండి వేళలకంటె ముందుగా తేల్చుకొనవలసిన విషయమొకటి కలదు: తాను చూడబోవునది ఏ కొల్లేరు?

గ్రంథస్థమైన కథ సంగ్రహముగా నిట్లున్నది. సరస్సు నడుమ కొల్లేటికోటలో ఓఢ్రరాజైన లాంగూల గజపతి దుర్గము కలదు. శత్రుసేనాధిపతి ఒడ్డున చిగురుకోటలో విడిసెను. నీరే కోటకు అగడ్త యగుటచే దానిని పట్టుకొనుట అతనికి సాధ్యము కాలేదు. అంతట సరస్సునీటిని సముద్రమునకు తీసివేయుటకై అతడు కాలువ త్రవ్వింపబూనెను. పని సఫలమగుటకు దేవతలకు తన కూతునే బలి యిచ్చెను. ఆ కాలువయే ఉప్పుటేరనియు, ఆ బాలిక పేరిటనే దానికి పేరంటాల కనుమ యను పేరు వచ్చెననియు చెప్పుదురు.

చరిత్రకారుడు ఈ కథను యథాతథముగా అంగీకరింపజాలడు. లాంగూల నరసింహుడని ప్రసిద్ధి చెందినవాడు కోణార్క నిర్మాతయైన తూర్పుగాంగ ప్రభువు మొదటి నరసింహదేవుడు (1238–1264). గజపతుల అధికారము ఈ డెల్టాపై నెలకొనినది కపిలేంద్రుని కాలమున, పదునైదవ శతాబ్దిలో. గాథ రెండు యుగములను ఒక్క కోటలో కాపురముంచినది. ఉప్పుటేరు కూడ మానవులు త్రవ్విన కాలువ కాదు. కొల్లేటినీరు బంగాళాఖాతమును చేరు సహజమార్గము. అయినను కథ అబద్ధమని త్రోసివేయుటతో పరిశోధకుని పని ముగియదు, అచ్చటనే మొదలగును.

ఈ సరస్సుతో యుద్ధస్మృతి చిరకాలముగా పెనవేసికొని యున్నది. 634లో రవికీర్తి రచించిన ఐహోళె శాసనము రెండవ పులకేశి దిగ్విజయమును వర్ణించుచు, పిష్టపురము తరువాత కునాళ జలము రక్తముచే ఎఱ్ఱబారినదని చెప్పును. ఆ జలము కొల్లేరేయని కీల్‌హారన్ గుర్తించెను. దండి దశకుమారచరితమున మంత్రగుప్తుని కథ మరింత ఆలోచింపదగినది. పెదవి నొచ్చినవాడు చెప్పు కథ యగుటచే ఓష్ఠ్యాక్షరములు లేకుండ సాగిన ఆ భాగమున, కళింగరాజపుత్రి ఆంధ్రరాజు చేతజిక్కును. ఆంధ్రనగరము చెంత సముద్రమువంటి సరస్సు కలదు. మంత్రగుప్తుడు తపస్వివేషమున దాని గట్టున సొరంగము త్రవ్వి, స్నానమునకు దిగిన రాజును నీటిలోనే చంపి, తానే రాజై వెలువడును. ఆ సరస్సు కొల్లేరేయని కొందరు పండితుల ఊహ. కళింగాంధ్రముల వైరము, ఒక కన్యక, గట్టున త్రవ్వకము, నీటివలన రాజునకు చేటు: ఈ నాలుగును రెండు కథలయందును కలవు. ఒకటి మరియొకదానికి మూలమని చెప్పుటకు ఇంతమాత్రము చాలదు. కాని ఓఢ్ర, తెలుగు, సంస్కృత సాహిత్యముల విద్యార్థులు కలిసి పరిశీలింపదగిన సామగ్రి ఇది.

పదముల విషయమును అట్టిదే. ‘పేరంటాలు’ వ్యక్తినామము కాదు. పేరంటమునకు వచ్చిన ముత్తైదువకును, సహగమనాదులచే మరణించి పూజలందుకొను స్త్రీకిని చెల్లు సామాన్యనామము. కథ రాజు పేరు చెప్పినది, కోటల పేర్లు చెప్పినది. ప్రాణమిచ్చిన బాలిక పేరు మాత్రము చెప్పలేదు. ‘కనుమ’ కొండల నడిమి దారి. కొండలేలేని ఈ మైదానమున నీటిత్రోవకు ఆ పేరు ఎట్లు వచ్చినది? అర్థము విస్తరించినదా, లేక వేరొక స్థానికపదము వ్రాతలో కనుమగా మారినదా? లంకగ్రామములలో పడవ నడుపువారి నోట వినినగాని ఇది తేలదు. అచ్చటి జాలరులలో ‘వడ్డీలు’ అను జనము కలరు. ఆ పేరునకు ఓఢ్రశబ్దముతో గల సంబంధమును విచారింపదగినదే.

ఇక కాలనిర్ణయము. పక్షులకై పోవువాడు నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు పోవలయును. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర ఫాల్గుణమున జరుగును. జనుల నోట కథ వినగోరువానికి అదియే అదను. కాని అప్పటికి నీరు తీయనారంభించును. కోట చుట్టును నీరేయన్న మాట బోధపడవలెనన్నచో వానకాలపు చివర, ఏరులు నిండి వచ్చిన పిదప పోవలెను. గుడివాడ–భీమవరము రైలుమార్గమున కైకలూరు, ఆకివీడు స్టేషనులు కలవు. వాని నడుమ రైలు ఉప్పుటేటిని దాటును. గాథ తెలిసినవాడు ఆ క్షణమున కిటికీ ప్రక్కన నుండుట మేలు.

నీటిని గూర్చిన ఈ లెక్క కేవలము సౌకర్యమునకు సంబంధించినది కాదు. 1970ల తరువాత కొల్లేటిలో చేపల చెరువుల గట్లు విస్తరించినవి. 1999లో ఐదవ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటింపబడినవి. 2002లో ఈ సరస్సు రామ్‌సార్ పట్టికకెక్కినది. 2006లో ప్రభుత్వము చెరువుల గట్లను పెద్దయెత్తున కొట్టించినది; తరువాత పలుచోట్ల అవి మరల లేచినవి. గట్లవలన వల వేయు చోటు పోయినవారును, గట్లు తెగుటచే జీవనము పోయినవారును ఆ లంకలలోనే ప్రక్కప్రక్కన నివసించుచున్నారు.

కొల్లేటినీటిని తీసివేయుట అల్పకార్యము కాదనియు, దానికి కన్నకూతురంత వెల చెల్లింపవలసి వచ్చెననియు పూర్వులు కథ చెప్పుకొనిరి. ఆ కథలో వెల చెల్లించినది కాలువ కోరినవాడు కాదు, అతని యింటి ఆడుబిడ్డ. పేరంటాలి కథను సేకరింపబోవు పరిశోధకుడు తన ప్రశ్నావళిలో గత యాబదియేండ్ల నీటికథను కూడ చేర్చుకొనవలెను. కథ చెప్పు వృద్ధురాలు ఆ రెండింటిని విడదీసి చెప్పకపోవచ్చును. అట్లు కలిపి చెప్పినచో, దానిని పాఠదోషముగా తలపక, ఉన్నదున్నట్లు వ్రాసికొనుట పరిశోధకుని ధర్మము.