ఆగాకే చేయి, కొలిచాకే మర

తలుపుల మీద లతలను, ఏనుగులను, దేవతామూర్తులను ఎంతో అందంగా చెక్కే సీఎన్‌సీ రౌటర్‌కు కళ్ళు లేవు. అది తనకిచ్చిన అంకెలను మాత్రమే నమ్ముతుంది. ఆ అంకెల్లో పొరపాటు దొర్లితే చెడిపోయేది చెక్క ఒక్కటే కాదు, పక్కన నిలబడిన మనిషికీ ప్రమాదమే. వైద్యుడికి యంత్రాలతో ఏం పని అని పాఠకులకు సందేహం కలగవచ్చు. గాయానికి కట్టు కట్టడం కన్నా గాయం కాకుండా చూడడమే మేలైన వైద్యమని నమ్మినవాణ్ణి కనుక ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మా ప్రాంతానికి చెక్కపని కొత్తది కాదు. కీసర నుండి విజయవాడ వెళ్ళే దారిలో, ఇబ్రహీంపట్నం పక్కనున్న కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో బొమ్మలు చేసే కళాకారులు తరతరాలుగా ఉన్నారు. ఉలి ఎంత లోతు దిగిందో వారి వేళ్ళకే తెలిసిపోతుంది. రౌటర్‌కు ఆ స్పర్శ లేదు. ఇటీవల కీసర వద్ద తలుపులు చెక్కే ఒక పనిశాలలో కొంతసేపు కూర్చుని దాని పని చూశాను. నడుపుతున్న కుర్రవాడు, "చెక్కేటప్పుడు భయం లేదు డాక్టరుగారూ, బిట్ మార్చేటప్పుడే జాగ్రత్తగా ఉండాలండీ" అన్నాడు. నిజమే. యంత్రం చెక్కుతున్నంతసేపు చేయి దూరంగా ఉంటుంది. బిట్ మార్చే వేళ మాత్రం చేయి యంత్రం నోటి దగ్గరకే వెళుతుంది.

ఒక తలుపు పూర్తి కావడానికి ఒకే బిట్ చాలదు. ముందు లావుపాటి బిట్‌తో అదనపు చెక్కను తొలగిస్తారు. తరువాత గుండ్రని కొన గల సన్నని బిట్‌తో నగిషీ చెక్కుతారు. ఒక్కొక్క బిట్‌ది ఒక్కొక్క పొడవు. అదే బిట్‌ను తీసి మళ్ళీ బిగించినా కోలెట్‌లో అది దిగే లోతు మారవచ్చు. కొత్త బిట్ పాతదాని కన్నా 10 మిల్లీమీటర్లు పొడవుగా ఉందనుకోండి. ఆ సంగతి యంత్రానికి తెలపకపోతే అది 10 మిల్లీమీటర్లు ఎక్కువ లోతుకు దిగుతుంది. నిమిషానికి 18,000 నుండి 24,000 సార్లు తిరిగే బిట్ అలా దిగి విరిగితే, ఆ ముక్క ఎగిరి కంటికి తగలవచ్చు.

మా వృత్తిలోనూ ఇటువంటి కొలత ఒకటుంది. రోగికి ముక్కు ద్వారా రైల్స్ ట్యూబు వేసే ముందు ముక్కు కొన నుండి చెవి తమ్మె వరకు, అక్కడి నుండి రొమ్ము ఎముక చివర వరకు కొలిచి ట్యూబు మీద గుర్తు పెడతాము. నిన్నటి రోగి కొలత నేటి రోగికి పనికిరాదు. ట్యూబు సరైన చోటికి చేరిందని నిర్ధారించుకున్న తరువాతే ఆహారం ఎక్కిస్తాము. బిట్ విషయంలోనూ పాటించవలసిన నియమం ఇదే.

ఆ కుర్రవాడు చెక్క మీద పలుచని కాగితం ఉంచి, తిరగకుండా ఆగి ఉన్న బిట్‌ను బటన్‌తో కొద్దికొద్దిగా కిందికి దించాడు. కాగితం కదలకుండా పట్టుకున్న చోట ఆపి, అదే సున్నా అని యంత్రానికి తెలిపాడు. కొన్నిచోట్ల ఇందుకు మందం తెలిసిన లోహపు పలకను వాడతారు. బిట్ తగలగానే విద్యుత్ వలయం పూర్తయి యంత్రానికి ఎత్తు తెలుస్తుంది. తమంతట తామే బిట్లు మార్చుకునే పెద్ద యంత్రాలలో ప్రతి బిట్ పొడవునూ ముందే నమోదు చేసి ఉంచుతారు. పద్ధతి ఏదైనా, కొలవకుండా నడపరాదు.

ఇక చేతి రక్షణ. ప్రోగ్రాంను మధ్యలో నిలిపినంత మాత్రాన స్పిండిల్ ఆగిందనుకోవద్దు. స్విచ్ ఆపిన తరువాత కూడా అది కొన్ని క్షణాలు తిరుగుతుంది. పూర్తిగా నిలిచాక, మళ్ళీ కదలకుండా కరెంటు తీసివేసి, అప్పుడే పానాలు పట్టాలి. పదునైన బిట్‌ను గుడ్డతో పట్టుకోవాలి. కోలెట్‌లోని పొట్టు తుడవకుండా బిగిస్తే బిట్ జారే అవకాశం ఉంది. తిరిగే బిట్ దగ్గర చేతి తొడుగులు, ఉంగరాలు, మణికట్టు దారాలు, వేలాడే కండువాలు ఉండరాదు. తొడుగు చిక్కుకుంటే వేలినీ లాక్కుపోతుంది.

ఉద్యోగంలో ఉన్న రోజుల్లో మరల దగ్గర వేళ్ళు పోగొట్టుకుని వచ్చినవారిని చూశాను. "ఒక్క నిమిషమే కదా అనుకున్నానండీ" అనేవారు. అటువంటి ఆపదలో గాయంపై పసుపు, కాఫీపొడి వేయకండి. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి చేయి పైకెత్తి ఉంచి, 108కు ఫోన్ చేయండి. తెగిన వేలిని తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, పాలిథీన్ సంచిలో మూసి, ఆ సంచిని మంచునీటిలో ఉంచి తీసుకురండి. వేలికి మంచు నేరుగా తగిలితే కణజాలం దెబ్బతింటుంది.

కంటికి కనబడని హాని మరొకటుంది. చెక్క ధూళి మానవులలో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే ప్రకటించింది. కనుక ధూళిని పీల్చే యంత్రం, ముఖానికి సరిపోయే మాస్కు, కళ్ళద్దాలు, చెవి ప్లగ్గులు తప్పనిసరి.

చివరిగా యజమానులకు ఒక మనవి. తలుపుకింత అని కూలీ కట్టేచోట బిట్ మార్చే సమయం పనివాడికి నష్టంగానే తోస్తుంది. ఆ తొందరే వేళ్ళను తీస్తుంది. తలుపు ధర నిర్ణయించేటప్పుడు, ఆపడానికీ కొలవడానికీ పట్టే నిమిషాలను కూడా అందులో లెక్క కట్టండి.