భీమిలి దారిలో తొందరెందుకు?

విశాఖ నుంచి భీమిలికి బీచ్ రోడ్డు మీద కారులో గంట చాలు. ఫొటోలు, మొక్కజొన్న పొత్తులు, ఐస్‌క్రీములు అన్నీ ఆ గంటలోనే అయిపోతాయి. ఇంటికొచ్చి "భీమిలి చూసేశాం" అంటారు మనవాళ్లు. ఎడమ పక్కన కొండలు, కుడి పక్కన సముద్రం పెట్టుకుని వాళ్లు చూసొచ్చింది రోడ్డును.

నన్నడిగితే ఈ దారి నడిచి చూడాలి. మోకాళ్లు మొరాయిస్తే సైకిలు. ఋషికొండ దాటాక తొట్లకొండ ఎక్కండి. పైన రెండువేల ఏళ్ల కిందటి బౌద్ధారామం, భిక్షువులు వాననీరు పట్టుకున్న రాతి తొట్లు ఉన్నాయి. అక్కడ నిలబడితే కింద సముద్రమంతా మనదే. సర్వం వదులుకున్న ఆ మహానుభావులు ఈ ఒక్కటీ వదులుకోలేకపోయారు కాబోలు!

ఇంకాస్త ముందుకెళ్తే ఎర్రమట్టి దిబ్బలు. లోపలికి దిగితే ఎత్తైన గోడల మధ్య ఇరుకు సందులు. గోడను వేలితో తాకి చూడండి, పొడిపొడిగా రాలుతుంది. వేల ఏళ్ల కిందట సముద్రం వెనక్కి తగ్గినప్పుడు గాలి మోసుకొచ్చి పోగుచేసిన ఇసుక అది. రేణువులకు పట్టిన ఇనుప తుప్పు ఎరుపు తెచ్చింది. వాననీళ్లు సందులు కోశాయి. 2014లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దీన్ని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. మనవాళ్లు మాత్రం జారుడుబండగా గుర్తించారు.

భీమిలి చేరాక గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట కాసేపు కూర్చోండి. బొర్రా గుహల దగ్గర పారిన నీళ్లే ఇవి. పదిహేడో శతాబ్దంలో వర్తకానికొచ్చిన డచ్చివాళ్ల సమాధులు ఊళ్లోనే ఉన్నాయి. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరిది. ఆ రాత్రికి అక్కడే ఉండిపోతే, వల పడే రోజైతే, పొద్దున్నే పెద్దవల లాగడం చూడొచ్చు.

తాడు ఒక కొస ఒడ్డున ఉంచి, పడవ సముద్రంలో అర్ధచంద్రంలా వల దింపుకుంటూ పోయి, రెండో కొసతో ఒడ్డెక్కుతుంది. రెండు జట్లు కేకలతో ఊపు కలుపుకుని వెనక్కి నడుస్తూ లాగుతాయి. లాగేకొద్దీ జట్లు దగ్గరవుతాయి. చివరికి వలలో కవళ్లు, కానాగంతలు తళతళలాడుతూ ఎగిరిపడతాయి. ఒక్కోనాడు బుట్టెడు కూడా పడవు. వాటాలు తేలగానే బేరం ఆడవాళ్ల చేతుల్లోకి వెళ్తుంది. సరదాకి మీరూ ఆ తాడు పట్టుకుంటే చేతులు బొబ్బలెక్కుతాయి. జాలర్లకది అలవాటైన పనే.

ఈ తీరంలో ఏటా ఈతకు దిగిన కుర్రాళ్లు కొట్టుకుపోతూనే ఉన్నారు. పైకి నెమ్మదిగా కనిపించే నీళ్లలో లోపలికి లాగే పాయలుంటాయి. అందుకే దిగేముందు ఒడ్డున వల బాగుచేసుకునే పెద్దాయన్ని అడగండి. "ఇయ్యాల లాగుడుంది బాబూ, దిగొద్దు" అన్నాడా, ఆ రోజుకి గట్టునే కూర్చుని, చేపల పులుసు తిని రండి. దారిలో చూసిన ఎర్రమట్టి దిబ్బల గోడలు మాత్రం ఎక్కకండి, రాలిపోతాయి.