అరటి పువ్వు చెక్కిన స్తంభము



మా సంఘము వనపర్తికి దగ్గరలో ఉన్నది. మా మందిరము పాత రాతి కట్టడము. కప్పు కారుతున్నది గనుక మొత్తం పడగొట్టి కొత్తది కట్టాలని కొందరు, వద్దని కొందరు అంటున్నారు. తేల్చుకోలేక, పేరున్న పాత దేవాలయమును ఒకసారి చూచి వద్దామని పెద్దలతో కలిసి డోర్నకల్ బయలుదేరాము. వనపర్తి రోడ్డులో రైలెక్కి, కాచిగూడలో దిగి, సికింద్రాబాదులో మరో రైలు పట్టుకున్నాము.

అక్కడి ఎపిఫనీ దేవాలయము 1939 జనవరి 6న ప్రతిష్ఠించబడినది. తూర్పు జ్ఞానులు శిశువైన యేసును పూజించిన సంగతిని జ్ఞాపకము చేసికొనే పండుగ దినమది. దానిని కట్టించిన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు 1912లో కలకత్తాలో అభిషేకము పొందిన మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు. తమిళ దేశములో పుట్టి, తెలుగు పల్లెల బీదల మధ్య సేవచేసి, 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించారు.

పరదేశపు నమూనాను దించినట్లు ఆయన కట్టించలేదు. పైన మసీదులను తలపించే గుమ్మటములు, మినారులు; లోపల మన ప్రాంతపు గుడి మండపములవంటి రాతి స్తంభములు. వాటిమీద సిలువతోపాటు తామర, ఉమ్మెత్త, అరటి పువ్వు చెక్కారు. ఉమ్మెత్త మరణమునకు, అరటి జీవమునకు గుర్తు. మాతో వచ్చిన పెద్దమ్మ స్తంభము తడిమి, "అయ్యగారూ, ఇది మన అరటి పువ్వే గద! గెల వేసినంక తల్లిచెట్టు పోతది, పక్కన పిలక లేస్తది" అన్నది. మేము చెప్పవలసిన ప్రసంగము ఆమె ఒక్క మాటలో చెప్పివేసినది.

ఆ డయాసిస్ పల్లెలలో స్త్రీలు వంటకు ముందు పిడికెడు బియ్యము ప్రభువుకని తీసిపెట్టేవారు. అటువంటి కానుకలతో పెరిగిన సంఘములకు ఆ దేవాలయము తల్లి ఇల్లు.

తిరుగు ప్రయాణములో పెద్దమ్మ మరొక మాట చెప్పింది. మా మందిరపు రాళ్లు మోసినవారిలో ఆమె తల్లి కూడ ఉన్నదట. ఇన్నేండ్లలో మేము అడగలేదు! నెహెమ్యా గోడ కట్టినవారి పేర్లు వరుసగా వ్రాయించాడు. మా పుస్తకములో ఒక్క పేరైనా లేదు.

ఆ ఆదివారము సంఘము కూడి, గోడలను ఉంచి కప్పు మాత్రమే కొత్తగా వేయుటకు తీర్మానించినది. గద్వాల, నాగర్‌కర్నూలు సహోదరులారా, మీ మందిరపు రాళ్లు ఎవరు మోశారో, చెప్పగలవారు బ్రతికి ఉండగానే అడిగి వ్రాసిపెట్టండి.