బుక్కపట్నంలో రెండు కార్లు

బుక్కపట్నం పేరు చెబితే మా వైపు వాళ్లకు ముందు గుర్తు వచ్చేది చెరువు. చిత్రావతి నీటితో నిండే ఈ చెరువు విజయనగర రాజుల నాటిదంటారు. నిండిన ఏడు కట్టమీద నిలబడి చూస్తే, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే సీమలో ఉన్నామన్న సంగతే మరిచిపోతాం. నిండని ఏడు చూడబోతే అంతా ఎర్రదుమ్ము. ఆ నీటికీ, ఈ దుమ్ముకూ మోటారు బండితో ఎంత చుట్టరికం ఉన్నదో 2005లో ఈ ఊళ్లోనే ఒక రేకుల షెడ్డులో చూశాను.

ఆ ఏడు నవంబరు 23న పుట్టపర్తిలో సత్యసాయిబాబా 80వ పుట్టినరోజు. ఇక్కడికి పది కిలోమీటర్ల లోపే గదా! బెంగుళూరు నుంచి జనం విరగబడతారు, టాక్సీ ఉన్నవాడిదే రాజ్యం అని మా అక్క కొడుకు లెక్క వేశాడు. అక్క చేతి గాజులు నాలుగూ తాకట్టులోకి వెళ్లాయి. ఆ డబ్బుతో పాత అంబాసిడర్ డీజిలు బండి కొనాలి.

అమ్మకానికి రెండు బండ్లు వచ్చాయి. రెండూ 1998 మోడలే. రెండూ కలకత్తా పక్కన ఉత్తరపారా కార్ఖానాలో పుట్టినవే. రెంటికీ 1489 సి.సి. ఇంజనే. కవలపిల్లలకైనా అంత పోలిక ఉండదు. అయితే నీలంబండి కొత్త రంగుతో పెళ్లికొడుకులా మెరుస్తున్నది. తిరిగింది ఎనభై వేల కిలోమీటర్లేనని యజమాని మాట. తెల్లబండి వెలిసిపోయింది, రెండు లక్షలు దాటిందని దాని డ్రైవరే ఒప్పుకున్నాడు. నీలంబండికి పదిహేను వేలు ఎక్కువ. మావాడి కళ్లు దాని మీదే.

"రంగు సూసి కొంటే రంగు మీదనే కూకోని పోవల్ల సామీ! పికప్ సూడల్ల," అన్నాడు మేస్త్రీ.

అయిదుగురం ఎక్కాం. చెరువు కట్టమీదికి వెళ్లే ఎక్కుడులో నీలంబండి మూడో గేరులో రొప్పి, నల్లపొగ కక్కి, రెండో గేరుకు దిగింది. అదే అయిదుగురం తెల్లబండిలో ఎక్కితే, పైకి చేరేదాకా ఎవరి మాటా తెగలేదు.

షెడ్డుకు తిరిగి వచ్చాక మేస్త్రీ ఇంజన్లు ఆడుతుండగానే ఆయిల్ మూతలు తీశాడు. నీలంబండి చుట్ట కాల్చినట్టు గుప్పు గుప్పుమని పొగ వదిలింది. రింగులు అరిగిపోతే సిలిండరులో నొక్కుకున్న గాలి పిస్టన్ పక్కల నుంచి జారి కిందికి పోతుంది. డీజిలు అంటుకునేది నిప్పురవ్వతో కాదు, ఆ నొక్కుడు వేడితోనే. నొక్కుడు తగ్గితే బలమూ తగ్గుతుంది, సగం కాలిన డీజిలు పొగై పోతుంది.

మరి తక్కువ తిరిగినది ఎక్కువ అరగడమేమిటి? నాకూ అదే సందేహం. 2000లో కొత్తచెరువు దగ్గర రైలు స్టేషను వచ్చినప్పటి నుంచి నీలంబండి స్టేషనుకూ పుట్టపర్తికీ మధ్యనే తిరిగిందట. పది నిమిషాలు పరుగు, రెండు గంటలు చెట్టునీడ. చల్లబడిన ఇంజనును లేపినప్పుడల్లా ఆయిల్ పైకి అందేలోపల ఇనుము ఇనుమును రాసుకుంటుంది. దానికి తోడు మన దుమ్ము. గాలి ఫిల్టరు కడగకపోతే అందులోని ఇసుకరేణువులు సిలిండరును సానపడతాయి. స్ఫటికపు రేణువు ఇంజను ఇనుముకంటె గట్టిది మరి. తెల్లబండి బెంగుళూరు సర్వీసుది. ఒక్క పరుగున 150 కిలోమీటర్లు, వేడి చెడకుండా.

రేడియేటర్లు చూస్తే ఇంకో వింత. నీలంబండిలో బోరునీళ్లు పోసీ పోసీ సున్నం పెచ్చులు కట్టింది. పెచ్చు కడితే వేడి బయటికి పోదు. తెల్లబండి డ్రైవరు డిక్కీలో ఎప్పుడూ రెండు క్యాన్ల చెరువునీళ్లు పెట్టుకునేవాడట. రాజులు పైరుకోసం కట్టించిన చెరువు అంబాసిడర్‌కు కూడా అక్కరకు వచ్చింది!

అంబాసిడర్ల తయారీ 2014లో ఆగింది. 2019 నుంచి పెనుకొండ పక్కనే ఎర్రమంచిలో కియా కార్లు తయారవుతున్నాయి. వాటిలో పోసేది కూలెంటు, చెరువునీళ్లు కాదు. అయినా పాత కారు కొనబోయేవారు మోడలూ, సంవత్సరమూ అడిగి ఊరుకుంటున్నారు. ఏ దారిన తిరిగిందని అడిగేవారు నాకు అరుదుగా తగులుతున్నారు.

మావాడు ముఖం ముడుచుకునే తెల్లబండి కొన్నాడు. మిగిలిన పదిహేను వేలతో రంగు వేయిస్తానంటే మేస్త్రీ కసిరి, నాజిళ్లూ ఫిల్టరూ మార్పించాడు. నీలంబండిని కొన్నాయన సంక్రాంతిలోపలే హెడ్డు దింపి, బోరు కొట్టించుకున్నాడని విన్నాను. నవంబరు నెలంతా తెల్లబండికి ఊపిరి తీసుకోను తీరిక లేదు. డిసెంబరులో అక్క చేతికి రెండు గాజులు తిరిగి వచ్చాయి. తక్కిన రెండూ ఉగాదికి.