రేవులో దిగే ముందు

ఇందిరా పార్కులో ఉదయం నడకకు వచ్చేవారిలో అశోక్‌నగర్ దంపతులు ఒకరు మాకు చాలా ఏళ్ళుగా పరిచయస్థులు. ఆయన బ్యాంకు ఉద్యోగం చేసి విరమించారు. ఆమె ఉపాధ్యాయినిగా పనిచేశారు. ఆయనకు డెబ్బయ్యేళ్ళు నిండుతున్న సందర్భంగా అమెరికాలోని కుమారుడు మధ్యధరా సముద్రంలో ఏడు రాత్రుల ఓడ ప్రయాణాన్ని కానుకగా ఇచ్చాడు. గతవారం నడక ముగించి బెంచీమీద కూర్చున్నప్పుడు ఆమె అడిగారు: “డాక్టరుగారూ, మీరు వెళ్ళివచ్చారు కదా. రేవుల్లో ఓడవాళ్ళ టూరే తీసుకోమంటారా? మేమే దిగి చూసుకుని రావచ్చా?”

మాత్ర భోజనానికి ముందా, తరువాతా అని అడిగినంత తేలికగా అడిగారు. అంత తేలికైన సమాధానం నా దగ్గర లేదు. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాల అపార్టుమెంట్లలో పిల్లలు విదేశాల్లోనూ తల్లిదండ్రులు ఇక్కడా ఉన్న ఇళ్ళు ఎన్నో. ఒకప్పుడు షష్టిపూర్తి అయితే కాశీ రామేశ్వరాలకు పంపేవారు. ఇప్పుడు ఓడ ఎక్కిస్తున్నారు. కనుక ఈ ప్రశ్న మీలో మరికొందరికీ ఎదురై ఉంటుందని తలచి ఇక్కడ రాస్తున్నాను.

ఇందులో ఆరోగ్యానికి సంబంధించినది ఏముందని మీకు అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించింది, పాంపేయి శిథిలాల నడుమ నా శ్రీమతి మాట తడబడేదాకా.

ముందుగా ఈ ప్రయాణాల తీరు తెలియనివారికోసం రెండు మాటలు. ఓడ రాత్రంతా నడిచి, ఉదయం ఏడెనిమిది గంటలకు ఒక రేవు చేరుతుంది. సాయంకాలం ఐదారు గంటలకు బయలుదేరుతుంది. ఈ నడుమ దొరికే సమయంలో ఊరు చూడాలి. ఓడవారే ఏర్పాటుచేసే టూరు తీసుకుంటే బస్సు, గైడు, ప్రవేశ రుసుములు అన్నీ వారివే. సొంతంగా వెళ్తే ఖర్చు చాలా తగ్గుతుంది, తిరిగే స్వేచ్ఛ ఉంటుంది. కాని ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. ఓడవారి టూరు బస్సు ఆలస్యమైతే ఓడ దానికోసం ఆగుతుంది. ఆగలేని పరిస్థితి వస్తే తరువాతి రేవుకు చేర్చే బాధ్యత వారే తీసుకుంటారు. సొంతంగా వెళ్ళినవారికోసం ఓడ ఆగదు. బయలుదేరే సమయానికి అరగంట ముందో, గంట ముందో అందరూ ఎక్కి ఉండాలన్నది నియమం.

మేము బార్సిలోనాలో ఓడ ఎక్కాము. రోము నగరానికి రేవు చివితావెక్కియా. ఓడ రోములో ఆగుతుందని మనవాళ్ళు అనుకుంటారు గాని, ఆ రేవునుంచి రోము సుమారు డెబ్బై ఎనభై కిలోమీటర్ల దూరం. ఓడవారి టూరు ధర చూసి నేను కళ్ళు పెద్దవి చేసి, రైలులో సొంతంగా వెళ్దామని నిశ్చయించాను. ఓడ దగ్గరినుంచి రేవు ముఖద్వారానికి ఒక బస్సు, అక్కడినుంచి స్టేషనుకు నడక, ఆపైన గంట దాకా రైలు. తిరిగి రావడానికీ అంతే.

ఆ రోజు నేను రోము చూశానని చెప్పడంకంటే గడియారం చూశానని చెప్పడం నిజానికి దగ్గరగా ఉంటుంది. కొలోసియం ఎదుట నిలబడి రైలు వేళలు లెక్కవేసుకున్నాను. అంతకుమించిన తప్పు ఉదయమే చేశాను. రక్తపోటుకు నేను వాడే మాత్రల్లో ఒకటి మూత్రాన్ని ఎక్కువ చేసేది. దారిలో మరుగుదొడ్డి ఎక్కడ దొరుకుతుందో తెలియదు గనుక, ఆ మాత్ర వేసుకోలేదు. నీళ్ళు కూడా గుక్కెడు గుక్కెడే తాగాను. రోము వీధుల్లో నసోని అనే పంపులు అడుగడుగునా ఉన్నాయి, ఆ నీరు తాగడానికి శుభ్రమైనదే, ఉచితం. వాటిని చూస్తూ దాటిపోయాను. సాయంత్రం ఓడ మెట్లు ఎక్కేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి. ఏ పెద్దాయనయినా ఈ పని చేసి నా దగ్గరికి వచ్చి ఉంటే గట్టిగా కోప్పడి ఉండేవాణ్ణి.

ఆ భయంతో మరునాడు నేపుల్స్‌లో రెండో మాట లేకుండా ఓడవారి టూరు తీసుకున్నాము. పాంపేయి, సగం రోజు.

పాంపేయి సంగతి మీకు తెలిసిందే. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై బూడిదలో కప్పేసిన నగరం. విస్తీర్ణం సుమారు 66 హెక్టార్లు. రోమన్ల కాలపు రాతి బాటలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. వీధి దాటడానికి నడుమ ఎత్తైన దాటురాళ్ళు ఉంటాయి, వాటిమీద మోకాలు సహకరించాలి. నీడ బహు తక్కువ. హైదరాబాదు ఎండలు చూసినవాళ్ళం, ఈ ఎండ ఏపాటి అనుకుంటాము. కాని ఇక్కడ మే నెలలో పదకొండు గంటలకు మనం బయట తిరగము కదా.

నా శ్రీమతికి మధుమేహం పన్నెండేళ్ళుగా ఉంది. మెట్‌ఫార్మిన్‌తోపాటు గ్లైమిపిరైడ్ వాడుతుంది. రెండోది క్లోమగ్రంథిని ప్రేరేపించి ఇన్సులిన్‌ను విడుదల చేయించే మాత్ర. తిన్నా తినకపోయినా అది తన పని తాను చేస్తుంది. బస్సు ఏడుంబావుకని చెప్పడంవల్ల ఆ ఉదయం ఆమె మాత్ర వేసుకుని, సగం బ్రెడ్డు ముక్క తిని, కాఫీ తాగి లేచింది. ఓడలో ఉపాహారం కొండలా పేర్చి ఉన్నా, ఏది శాకాహారమో విచారించే వ్యవధి లేకపోయింది.

మా గుంపులో నలభైమంది. అందరి చెవులకూ చిన్న రేడియో లాంటి పరికరం ఇచ్చారు. గైడు ముందు నడుస్తూ మాట్లాడితే మనకు చెవిలో వినిపిస్తుంది. రెండు గంటలు నడిచాక ఆమెకు చెమటలు పట్టాయి. ఎండకేనని అనుకున్నాను. నడక మందగించింది. మోకాళ్ళ నొప్పి అనుకున్నాను. విసుక్కుంది. అలసట అనుకున్నాను. వృద్ధుల్లో చక్కెర పడిపోయినప్పుడు కనిపించే లక్షణాలు ఇవే అని ఎన్నో తరగతుల్లో చెప్పినవాణ్ణి. అవి ఒక్కొక్కటిగా నా కళ్ళముందు వస్తూ ఉంటే ఒక్కొక్కదానికి ఒక్కొక్క సాకు వెతుక్కున్నాను. నిజం చెప్పాలంటే అనుమానం వచ్చింది. ముప్ఫై ఆరేళ్ళు వైద్యం చేసిన నేను, నలభైమంది అపరిచితుల ముందు “కాస్త ఆగండి” అనడానికి సిగ్గుపడ్డాను. తరువాతి మలుపులో ఎలాగూ ఆగుతారు గదా అనుకున్నాను.

చెవిలో గైడు గొంతు సన్నగిల్లుతూ వచ్చి, గరగరమని ఆగిపోయింది. గుంపు మలుపు తిరిగి వెళ్ళిపోయింది. అప్పుడు ఆమె నావైపు చూసి, “ఏమండీ, ఈ బస్సు చిక్కడపల్లిలో ఆగుతుందా?” అని అడిగింది.

గోడవారగా కూర్చోబెట్టాను. చక్కెర బిళ్ళలున్న సంచి బస్సులో ఉంది. గ్లూకోమీటరు ఓడలో గదిలో ఉంది. మావలెనే వెనుకబడిన మరొక గుంపులోని పెద్దావిడ, మాకు తెలియని ఏదో భాషలో మాట్లాడుతూ, తన సంచిలోంచి నారింజరసం పెట్టె తీసి ఇచ్చింది. స్పృహ ఉన్నది, మింగగలుగుతున్నది గనుక కొద్దికొద్దిగా తాగించాను. పదిహేను నిమిషాలకు చెమట ఆరింది, ఊరి పేరు సరిగా చెప్పింది. ఆ పదిహేను నిమిషాలు నాకు ఎలా గడిచాయో ఇక్కడ రాయలేను.

గైడు తరువాతి మజిలీలో లెక్క చూసుకుని, ఇద్దరు తక్కువయ్యారని గ్రహించి వెనక్కు పరుగెత్తుకు వచ్చింది. ఆమె అడిగిన మొదటి ప్రశ్న, “షుగరు ఉందని పొద్దున్నే నాతో ఎందుకు చెప్పలేదు?” ఆ ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. మమ్మల్ని నీడన కూర్చోబెట్టి, బిస్కెట్లు తెప్పించి, బస్సు బయలుదేరేవేళకు దగ్గరుండి ఎక్కించింది.

ఇది చదివి, గైడెడ్ టూరు ప్రమాదకరమని మీరు తీర్మానించుకుంటే నేను సరిగా చెప్పలేదన్నమాట. మేము సొంతంగా వెళ్ళి ఉంటే ఆమె ఇష్టం వచ్చినచోట కూర్చునేది, బహుశా చక్కెర పడిపోయేదే కాదు. కాని ఎలాగో పడిపోయి ఉంటే, ఆ స్థితిలో ఆమెను పట్టుకుని నేపుల్స్‌కు లోకల్ రైలు ఎక్కి, గారిబాల్డి స్టేషనులో దిగి, రేవుదాకా చేరి, ఓడ వెళ్ళిపోతుందేమోనని గుండె చిక్కబట్టుకుని ఉండవలసి వచ్చేది. ఆ రోజు నేను గడియారం చూడలేదు. టూరుకు ఇచ్చిన డబ్బుకు దక్కిన ఫలం అదీ.

పలెర్మోలో ఓడ ఊరి నడుమనే ఆగింది. అక్కడ టూరు తీసుకోలేదు. తొమ్మిదిన్నరకు తీరికగా ఉపాహారం ముగించి, చక్కెర పరీక్ష చేసుకుని, దిగాము. తేయాట్రో మాస్సిమో అనే పెద్ద సంగీత నాటకశాల మెట్లమీద అరగంట కూర్చున్నాము. ఇటలీలో అంత పెద్ద ఒపేరా శాల మరొకటి లేదట. మన త్యాగరాయ గానసభ ముందు కచేరీ మొదలుకాకముందు కూర్చున్నట్టే కూర్చున్నాము. తరువాత నాలుగు మూలలా నాలుగు భవనాలు అలంకరించిన క్వాత్రో కాంతి కూడలి, బల్లారో సంతలో కూరగాయల బండ్లు. వంకాయలు చూసి ఆమె ధర అడిగింది, కొనేది కాకపోయినా. ఒంటిగంటకు ఓడలో భోజనానికి కూర్చున్నాము. చూసినవి మూడే. ఆ ప్రయాణం మొత్తంలో ఆమె ఇప్పటికీ తలచుకునేది ఆ పూటనే.

కాబట్టి టూరా, సొంతమా అని ప్రయాణం మొత్తానికి ఒకేసారి నిర్ణయించకండి. రేవు రేవుకూ విడిగా నిర్ణయించండి. చూడవలసిన చోటు ఓడనుంచి ఎంత దూరం? మీ శరీరం ఆగమన్నప్పుడు ఆగే వీలు ఉందా? రోము, ఫ్లారెన్సు వంటి దూరపు ఊళ్ళకు, వయసు మీరినవారికి, ఓడవారి టూరే నా సలహా. పలెర్మో, జెనోవా వంటివాటిలో సొంతంగా దిగండి, అలసిన క్షణాన వెనక్కు తిరగవచ్చు. మార్సెయ్‌లో ఓడ ఆగే చోటు పాతరేవుకు దూరం, నడిచిపోదామని మాత్రం అనుకోకండి. టూరుల వివరాల్లో నడక తేలికా, కష్టమా అని ఒక గుర్తు ఉంటుంది, ధర చూసేముందు దాన్ని చూడండి. రాతి బాట, మెట్లు అన్న మాటలు కనిపిస్తే మీ మోకాళ్ళను సంప్రదించండి. ఊరు మొత్తం బస్సులో కూర్చునే చూపించే టూరులూ ఉంటాయి, వాటిని చిన్నచూపు చూడకండి.

ఏ విధంగా వెళ్ళినా, జేబులోనే చక్కెర పొట్లాలు ఉండాలి, సంచిలో కాదు. మూడు చెంచాల చక్కెర, పదిహేను నిమిషాల విరామం, మళ్ళీ పరీక్ష. గ్లూకోమీటరు వెంట ఉండాలి. గ్లైమిపిరైడ్ వంటి మాత్రగాని ఇన్సులిన్‌గాని వాడేవారు ఎక్కువ నడిచే రోజుల్లో మోతాదు ఎలా ఉండాలో బయలుదేరకముందే మీ వైద్యుణ్ణి అడగండి. మూత్రం మాత్ర విషయమూ అంతే. నావలె సొంత నిర్ణయాలు చేయకండి. రెండు రోజుల మందులు, పాస్‌పోర్టు నకలు, ఓడవారు ఇచ్చే కాగితంలో ఉండే స్థానిక ఏజెంటు ఫోను నంబరు దగ్గర ఉంచుకోండి. ఓడ తప్పిపోయినా అవి ఉంటే నిలదొక్కుకోవచ్చు. ఐరోపా దేశాల్లో అత్యవసర నంబరు 112. షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఎలాగూ తప్పనిసరి. ఆ దరఖాస్తులో పాత జబ్బులను దాచకండి. కొత్త చెప్పులతో వెళ్ళకండి. మధుమేహం ఉన్నవారు రాత్రి పడుకోబోయే ముందు పాదాలు చూసుకోండి. ఓడలో వ్యాపించే వాంతులు విరేచనాల వైరస్‌కు చేతికి రాసుకునే శానిటైజరు అంతగా పనిచేయదు, సబ్బుతో కడుక్కోవడమే మేలు.

ఒకరు నారాయణగూడ ఐపీఎంలో ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోవాలా అని అడిగారు. అది ఆఫ్రికాలోనూ దక్షిణ అమెరికాలోనూ కొన్ని దేశాలకు వెళ్ళేవారికి. ఇక్కడినుంచి నేరుగా ఇటలీ, స్పెయిన్, ఫ్రాన్సులకు వెళ్ళేవారికి అవసరం లేదు. ఫ్లూ టీకా మాత్రం వేయించుకోండి.

ఇదంతా అశోక్‌నగర్ దంపతులకు రెండు ఉదయాల నడకలో చెప్పాను. నిన్న ఆమె ఒక కాగితం తెచ్చి చూపించారు. రేవుల పేర్లు వరుసగా రాసి, పక్కన టూరు, సొంతం అని గుర్తులు పెట్టుకున్నారు. నేపుల్స్ దగ్గర మాత్రం “దిగం. డెక్కు మీద కూర్చుని వెసూవియస్ చూస్తాం” అని ఉంది. ఆయన ఇంకా ఒప్పుకోలేదు. పాంపేయి చూడకుండా ఎలా వస్తామని వాదిస్తూనే పార్కు గేటు దాటారు.