చిరునామా వేసిన పుణ్యం

సైన్స్ ఫిక్షన్ అభిమానులు సొంతంగా తెచ్చుకున్న పత్రికల కథలో మార్కాపురం వాడిగా నన్ను పట్టి ఆపింది హెక్టోగ్రాఫ్. పళ్ళెంలో పోసి గడ్డకట్టించిన జిలటిన్, అంతే. ఊదారంగు సిరాతో కాగితం మీద రాసి దానిమీద బోర్లిస్తే అక్షరాలు దిగుతాయి. ఆపైన తెల్లకాగితాలు ఒక్కొక్కటే అద్ది తీయడమే. యాభై దాకా వస్తాయి, చివరివి కళ్ళు చికిలించుకుని చదవాలి. తుడిచి ఒక రాత్రి వదిలేస్తే మిగిలిన సిరా అడుక్కి ఇంకిపోతుంది. మర్నాడు మళ్ళీ రాసుకోవచ్చు. పలక కాక మరేమిటది! మా మార్కాపురం క్వారీల్లో దొరికే పలక నకళ్ళు తీయదు, అదొక్కటే తేడా.

అయితే ఆ పత్రికలు పుట్టింది యంత్రం వల్ల కాదు. 1926లో హ్యూగో గెర్న్స్‌బ్యాక్ అమెరికాలో ‘అమేజింగ్ స్టోరీస్’ పెట్టాడు. అందులో పాఠకుల ఉత్తరాల కింద వాళ్ళ చిరునామాలు కూడా అచ్చేశాడు. కుర్రాళ్ళు సంపాదకుణ్ణి పక్కనబెట్టి ఒకరికొకరు రాసుకోవడం మొదలెట్టారు. 1930 మేలో ‘ది కామెట్’ వచ్చింది. అభిమానుల తొలి పత్రిక అదేనంటారు. క్లీవ్‌లాండ్‌లో జెర్రీ సీగెల్ తన సైక్లోస్టైల్ పత్రికలో 1933లో సూపర్‌మ్యాన్ పేరుతో ఒక కథ వేశాడు. అందులో అతను దుర్మార్గుడు! బుద్ధి మారి లోకానికి కనిపించింది 1938లో. రే బ్రాడ్‌బరీ 1939లో మొదలెట్టిన ‘ఫ్యూచూరియా ఫాంటాసియా’ నాలుగు సంచికలతో ఆగింది. పెట్టుబడి మిత్రుడు ఎకర్‌మన్‌ది. నాలుగంటే తక్కువేం కాదు, మన కాలేజీ లిఖితపత్రికలు రెండో సంచిక చూస్తే గొప్ప.

తెలుగులో ఆ పత్రికలకు దగ్గరి చుట్టం అమెరికాలోని అట్లాంటాలో ఉండేది. భౌతికశాస్త్ర ఆచార్యులు పెమ్మరాజు వేణుగోపాలరావుగారు మిత్రులతో కలిసి 1970లో ‘తెలుగు భాషా పత్రిక’ తెచ్చారు. చేత్తో రాసి, నకళ్ళు తీసి పంచారు. సైన్సు వ్యాసాలూ వేశారు. జీతం లేని సంపాదకుడికి ఉండాల్సిన మొండితనం పుష్కలంగా ఉన్న మనుషులు.

మరి ఇక్కడ? మన వారపత్రికలు ఉత్తరాల కింద చాలావరకు పేరూ ఊరూ మాత్రమే వేసేవి. ఫలానావారు, గిద్దలూరు. అంతటితో సరి. కలంస్నేహం శీర్షికలో పూర్తి చిరునామా ఇచ్చేవారు గానీ అక్కడ అందరి హాబీలూ స్టాంపులూ సినిమాలే. అంగారకుడి మీద కథ చదివి నిద్రపట్టని కుర్రాడు కంభంలో ఒకడూ గిద్దలూరులో ఒకడూ ఉన్నా, ఒకడి సంగతి ఇంకొకడికి తెలిసే దారి లేదు. ఎంత దూరమని! మధ్యాహ్నం రైలెక్కితే సాయంత్రానికి మొదటి సంచిక రాయడం మొదలెట్టేవాళ్ళు.