అమ్మకు పట్టుకొనేదానికి ఒక కడ్డీ



పోయిన వారం మా స్నానాలగదిలో అమ్మ పట్టుకొని లేచేదానికి స్టీలు కడ్డీ బిగించినాము. అమ్మకు 88 ఏండ్లు. నాలుగు బొక్కల పనికి ఎవరూ రారు. వచ్చినా పది నిమిషాల్లో ముగించి పోతారు. కడ్డీ ఊడితే పడేది అమ్మ కదా! రైల్వేలో పెన్ను పట్టిన చెయ్యే అయినా, ఇంటామె టార్చి చూపిస్తే మేమే డ్రిల్లు పట్టినాము.

గీజరు స్విచ్చికీ కుళాయికీ నేరుగా పైన, కింద బొక్క వేయరాదు. లోపల వైరో పైపో పోతుంటుంది. టైలు మీద హ్యామర్ పెడితే పగులుతుంది. టేపు అంటించి, టైలు బిట్టుతో మెల్లగా తొలచాల. (టైలుకు తెలుగేమో, మేము బళ్లో తమిళం చదివినవాళ్లం.) టైలు దాటినాక గోడ బిట్టు. మొదట సిమెంటు పొడి, తర్వాత ఎర్రపొడి వస్తే ఇటుక దొరికినట్టు. ఎరుపు రాకుంటే ఇటుకల సందులో పడినట్టు, అక్కడ పట్టు ఉండదు, జాగా మార్చాల. బిట్టు 8 మి.మీ. అయితే ప్లగ్గూ 8. అది టైలు దాటి ఇటుకలోకే పోవాల. లేకుంటే స్క్రూ బిగించేటప్పుడు టైలు చీలుతుంది.

అమ్మను పిలిచే ముందు మేమిద్దరం ఒకరి తర్వాత ఒకరు పట్టుకొని వేలాడి చూసినాము. అమ్మ వచ్చి, "ఈ సద్దుకు ఇల్లే కూలిందనుకొంటి" అనింది. మరునాడు ఎవరినీ పిలవకుండా తానే లేచింది.

పెద్దవాళ్లుండే ఇండ్లకు కావాలంటే డ్రిల్లు మా దగ్గర తీసుకోండి. బిట్లు మాత్రం మీరే కొనుక్కోవాల.